తొమ్మిదో టైరు దగ్గర ఆగిన చప్పుడు

నాకు డ్రైవర్‌ను చూపించకుండా లారీ అమ్మారు. అది తప్పు. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

లారీల సంగతి తెలియనివాళ్ళకు ఇదేం పెద్ద నేరమని అనిపించొచ్చు. మా లైన్‌లో పాత బండి కొనేటప్పుడు ఓనరు మాట ఎవరూ పట్టించుకోరు. దాన్ని ఇన్నేళ్ళు తోలిన డ్రైవర్‌ను హోటలుకు తీసుకుపోయి, చాయ్ తాగించి, "ఏం బాధలున్నయే దీనికి?" అని అడుగుతారు. డ్రైవరు చెప్పేస్తాడు. తను కూర్చున్న సీట్లో రేపు కూర్చోబోయేది తనలాంటివాడే కదా. ఆ చాయ్ నేను తాగలేదు.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. మిగతా చదువంతా పొట్లాలు కట్టిన పేపర్లలోనూ, స్పేర్ పార్టుల డబ్బాల మీదా చదువుకున్నదే. నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చి, కర్మన్‌ఘాట్‌లో ఇల్లు కట్టుకునేదాకా ఇంజన్ల మధ్యనే బతికాను. కంటికి కనబడాలి, చేతికి తగలాలి. అప్పుడే ఏదైనా ఉందని ఒప్పుకునేవాణ్ణి. బంపర్‌కు నిమ్మకాయలు కట్టేవాళ్ళను చూసి నవ్వేవాణ్ణి.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మెలు నడుస్తున్న రోజులు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో జరగని వారం లేదు. విజయవాడ రోడ్డు మూసుకుపోతే లారీలు హయత్‌నగర్ దాటి బారులు తీరేవి. కిరాయిలు లేక చాలామంది బండ్లు అమ్ముకుంటున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో సుబ్బారావు గారనే ఆయన తన ట్రైలర్ లారీ అమ్ముతున్నాడని తెలిసి నేనూ, మా తమ్ముడు నర్సింహా వెళ్ళాం. బండి తోలేది వాడే. నాకు చూపు తగ్గి స్టీరింగ్ వదిలేశాను.

ఇంజన్ చల్లగా ఉండగానే చూడాలని తెల్లవారగానే పోయాను. ముందే వేడి చేసి పెట్టారంటే ఏదో దాస్తున్నట్టు. స్టార్ట్ చేయించి, ఆయిల్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాను. పొగ తన్నలేదంటే ఇంజన్ బాగున్నట్టే. క్యాబిన్ చుట్టూ అయస్కాంతం ఆనించి చూశాను. లప్పం నింపి రంగేసిన చోట అది అంటుకోదు. ఒక్క తలుపు దగ్గర తప్ప అంతటా అంటుకుంది. ఛాసీ కింద పడుకుని టార్చి వేసి చూశాను. చివరికి ఇనుప రాడ్ తీసుకుని టైర్లు కొట్టాను. డ్రైవర్ వైపు ముందు టైరుతో మొదలుపెట్టి, వెనక నుంచి చుట్టి వచ్చి, ఎడమ వైపు ముందు టైరుతో ముగించాలి. మొత్తం పద్నాలుగు. గాలి నిండుగా ఉన్న టైరు రాడ్‌ను వెనక్కి తంతుంది. పద్నాలుగూ తన్నాయి.

"డ్రైవర్ ఏడి సార్?" అని నర్సింహ అడిగాడు.

"కోటయ్యా? ఊరెళ్ళాడండీ, ఇప్పట్లో రాడు. అయినా మీ అన్నగారు చూశాక ఇంక డ్రైవరెందుకండీ? పెద్ద డాక్టరు గారే వచ్చి నాడి పట్టుకుంటే!" అన్నాడు సుబ్బారావు గారు.

నర్సింహ నన్ను పక్కకు లాగి, "వద్దే అన్నా. డ్రైవర్ వచ్చేదాంక జర ఆగుదాం" అన్నాడు.

"నాకు తెల్వంది వాడేం చెప్తడు?" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. కాదనను.

లారీ తెచ్చి మా ఇంటి పక్క ఖాళీ ప్లాటులో పెట్టాం. రోడ్లు బందయి అది కదల్లేదు. మూడో రోజు పొద్దున ఆరున్నరకు, ఎండ పడ్డాక, నేను పళ్ళు తోముకుంటుంటే టైర్లు కొడుతున్న చప్పుడు వినిపించింది. ఒక్కొక్కటే, తొందర లేకుండా. తొమ్మిది దెబ్బలు పడి ఆగిపోయింది. నర్సింహ అనుకుని వెనక్కి తిరిగితే, వాడు నా వెనకే బకెట్‌తో నిలబడి ఉన్నాడు.

పోయి చూస్తే ప్లాటులో ఎవరూ లేరు. ముందు రోజు వాన కురిసి నేలంతా మెత్తగా ఉంది. నా చెప్పుల గుర్తులు తప్ప మరో అడుగు కనబడలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అదే ఆరున్నర, అవే తొమ్మిది దెబ్బలు. మా ఆవిడ లక్ష్మమ్మకు వినిపించింది. గోడ అవతలి వాళ్ళకూ వినిపించింది. "లారీ కొన్నవా, గడియారం కొన్నవా?" అని లక్ష్మమ్మ నవ్వింది. నేను నవ్వలేదు.

తొమ్మిదో టైరంటే ఎడమ వైపు చిట్టచివరి చక్రం, జంటలో లోపలిది. ఆరో రోజు ముందుగానే పోయి దాని పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాను. అరచెయ్యి ఆ టైరు మీద ఆనించాను. చప్పుడు డ్రైవర్ వైపు మొదలై, వెనక నుంచి చుట్టి నా దగ్గరికొచ్చింది. కళ్ళెదురుగా ఏమీ లేదు. తొమ్మిదో దెబ్బ నా అరచేతికి తెలిసింది. రబ్బరు అదిరింది. ఎవరేమన్నా సరే, అది మాత్రం నేను వదులుకోను.

ఆ సాయంత్రమే లోడు కుదిరింది. సూర్యాపేటకు ఇనుప చువ్వలు. రెండు రోజులు రోడ్డు తెరుస్తారని చెప్పారు. నర్సింహ తాళం చెవి అడిగితే ఇవ్వనన్నాను.

"ఏందే అన్నా, చప్పుడుకు భయపడ్తున్నవా? నువ్వేనా?" అన్నాడు.

"భయమే అనుకో. ఆ చక్రం ఇప్పి చూసేదాంక నువ్వు ఎక్కేది లేదు."

"గీ లోడు పోతే మళ్ల ఎప్పుడొస్తదో ఎవనికెరుక? పిల్లల ఫీజులు నువ్వు కడ్తవా?"

"కడ్త. నీకేమన్నా అయితే ఎట్లాగూ కట్టాల్సిందే కద!"

వాడు నాతో మాట్లాడటం మానేశాడు. మర్నాడు మెకానిక్‌ను పిలిపించి ఆ జంట టైర్లు రెండూ దించి, అవి బిగించే హబ్ లాగించాను. లోపల గ్రీజు తుడిస్తే బయటపడింది. హబ్ కూర్చునే చోట ఇరుసు చీలి ఉంది. దానికి వెల్డింగ్ పెట్టి, నున్నగా అరగదీసి, గ్రీజు పూసి మూసేశారు. ఆ వెల్డింగ్ పక్కనే వెంట్రుకంత కొత్త చీలిక. చువ్వల బరువు పడితే హయత్‌నగర్ దాటకముందే చక్రం ఊడేదని మెకానిక్ అన్నాడు. నర్సింహ వంగి ఆ చీలిక మీద వేలు పెట్టి తడిమాడు.

ఇరుసు మార్చి, సాయంత్రానికి చక్రం ఎక్కించాం. మర్నాడు ఆరున్నరకు ఇంట్లో అందరం వాకిట్లో నిలబడి విన్నాం. తొమ్మిది దాటింది. పది, పదకొండు... పద్నాలుగు దాకా పోయింది. ఆ తర్వాత ఎన్నడూ వినిపించలేదు.

అదే రోజు పొద్దున దిల్‌సుఖ్‌నగర్ పోయి సుబ్బారావు గారి గేటు దగ్గర నిలబడి అరిచాను. "డ్రైవర్‌ను ఎందుకు చూపియ్యలే? ఏడున్నడు ఆ మనిషి?" అని వీధంతా వినేటట్టు అడిగాను. ఆయన తలుపు సగమే తీసి, "ఊరెళ్ళాడని చెప్పాను కదండీ" అని వేసుకున్నాడు. ఆంధ్రావాడు ముంచాడని మా బస్తీలో కొందరు నన్ను ఎగదోశారు. ఏ జిల్లావాడైనా తప్పు తప్పే, దానికి జెండా ఎందుకన్నాను.

తర్వాత వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. అడ్రసు సంపాదించి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. రాష్ట్రం వచ్చింది, అయినా రాయడం ఆపలేదు. ప్రతి ఉత్తరంలోనూ వెల్డింగ్ సంగతీ, డ్రైవర్ సంగతీ మాత్రమే రాశాను. చప్పుడు గురించి ఒక్క ముక్క రాయలేదు, నవ్వుతారని. నర్సింహ కూడా బయట ఎవరికీ చెప్పలేదు. మా ప్లాటుకూ దిల్‌సుఖ్‌నగర్‌లో సుబ్బారావు గారి ఇంటికీ మధ్య నాలుగైదు కిలోమీటర్ల దూరం ఉంటుంది.

దయ్యాలంటే నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. మరి అది ఏమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. సుబ్బారావు గారి దగ్గర నుంచి చివరికి వచ్చిన జవాబు మాత్రం ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అయ్యా, మీ ఉత్తరాలన్నీ అందాయి. కోటయ్య ఊరెళ్ళలేదండీ. మీరు బండి చూసిన రోజూ, గేటు దగ్గర అరిచిన రోజూ మా వెనక గదిలోనే ఉన్నాడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ ఇరుసు మార్చందే బండి అమ్మొద్దని మాట పోకముందు నాతో పోట్లాడాడు. నేను వినలేదు. మీరు బండి తోలుకెళ్ళాక రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నుంచి పొద్దున్నే సైగతో చెంచా అడిగి మంచం పట్టె మీద కొట్టేవాడు. తొమ్మిది కొట్టి ఆగిపోయేవాడు. మీరు వచ్చి అరిచిన రోజు పొద్దున మాత్రం పద్నాలుగు కొట్టి, చెంచా నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఆరు నెలలు బతికాడు. మళ్ళీ చెంచా అడగలేదండీ."