మూడు కాళ్ళ మీద జరిగిన నేరం

బార్నబస్ ఫిచ్ ఇంగ్లండులో ఉన్ని నేసేవాడు. సముద్రం దాటి మసాచుసెట్స్ వచ్చాక అతడి విద్యకు పని పడలేదు. నెయ్యాలంటే గొర్రెలుండాలి, గొర్రెలుండాలంటే తోడేళ్ళుండకూడదు. అందుకని మా స్టోన్‌మార్ష్ ఊరి సభ తీవ్రంగా ఆలోచించి అతణ్ణి కుక్కకాళ్ళ అధికారిగా నియమించింది. జీతం లేదు. గౌరవం ఉందన్నారు గాని, అది ఎక్కడుందో అతడికి చివరిదాకా బోధపడలేదు.

వసంతంలో ఏటికి ఎదురెక్కే చేపల్ని పట్టి, మొక్కజొన్న గింజలతోబాటు కుదురు కుదురుకూ పాతిపెడతాం. ఈ నేలమీద మాకంటే ముందునుంచీ ఉన్నవాళ్ళు నేర్పిన విద్య అది. లేకపోతే ఈ ఇసకలో మేం చల్లిన గోధుమల్లాగే మేమూ మట్టిలో కలిసిపోయేవాళ్ళం. వాళ్ళకు మేం చెల్లించిన గురుదక్షిణ సంగతి మా సభలో ఎవరూ ఎత్తరు. చేపలు పాతితే పంట వస్తుంది. పంటకంటే ముందు కుక్కలు వస్తాయి. కాబట్టి చేపలు కుళ్ళి మట్టయ్యేదాకా ప్రతి కుక్కకూ ముందుకాలు ఒకటి మడిచి మెడకు కట్టాలని చట్టం. కాలు కట్టకుండా తిరుగుతూ చేపలు తవ్విన కుక్కకు ఉరి. కట్లు చూడ్డమూ బార్నబస్ పనే, ఉరి తియ్యడమూ బార్నబస్ పనే.

అతడికీ ఒక కుక్క ఉంది. సరిగ్గా చెప్పాలంటే, అతడి భార్య డామరిస్‌కు ఉంది. ఆమె పుట్టింటివైపు నుంచి ఓడెక్కిన వాళ్ళలో ప్రాణంతో దిగింది ఆమే, జౌలర్ అనే ఆ కుక్కే. తమ్ముడు దారిలోనే పోయాడు. పుట్టింటి యాసలో ఆమె ఇప్పుడు మాట్లాడేది జౌలర్ ఒక్కదానితోనే.

ఒకనాటి ఉదయం సంఘపెద్ద ఎల్కానా స్టబ్స్ గారి పొలంలో కుదుళ్ళు పెళ్ళగించి కనిపించాయి. ఆయన బార్నబస్‌ను పిలిపించాడు.

"ఏమయ్యా, నిద్రపోతున్నది నువ్వా, నీ ఉద్యోగమా?"

"ఇద్దరం లేచే ఉన్నామండీ. ఇప్పుడే అన్ని కట్లూ చూసొచ్చాను. ఊళ్ళో ఏ కుక్కకూ నాలుగో కాలు నేలమీద లేదు."

"అయితే దేవదూతలు దిగొచ్చి తవ్వారా?"

మెత్తటి మట్టిలో అడుగులు కనిపించాయి. మూడేసి. ఇద్దరూ వాటి వెంట నడిచారు. పొలం చివర జౌలర్ రొమ్ము నేలకానించి, ఉన్న ఒక్క ముందుకాలితోనూ పళ్ళతోనూ శ్రద్ధగా తవ్వుకుంటోంది. రెండో కాలు చక్కగా మెడకు కట్టే ఉంది. అధికారిని చూసి తోక ఊపింది.

"అదుగో నీ కుక్క!"

"మా ఆవిడదండీ."

"ఉరి తియ్యి."

బార్నబస్ వంగి కట్టు పరీక్షించాడు. తను వేసిన ముడే. సడలలేదు. "కట్టు సరిగ్గానే ఉందండీ. చట్టం చెప్పింది కట్టని కుక్క గురించి కదా. ఇది కట్టిన కుక్క."

"తవ్విందా లేదా?"

"తవ్వింది. కాని చట్టప్రకారం తవ్వింది."

ఇది తెలివికి పోయి అన్న మాట కాదు. అతడికి నిజంగానే అర్థం కాలేదు.

సభలో తేల్చుకుందామని స్టబ్స్ గారు వెళ్ళిపోయాడు. సంగతి బార్నబస్ కంటే ముందే ఇల్లు చేరింది.

"దాన్ని చంపుతావా?" అంది డామరిస్.

"చంపమంటే చంపాలేమో."

"ఏమో ఏమిటి?"

"అది కాదే. కుక్కమీద ఫిర్యాదు చెయ్యాల్సింది నేను, కుక్క తరఫున జవాబు చెప్పాల్సింది నేను, ఆఖరికి తాడు పట్టాల్సిందీ నేనే. ఎవరి తరఫున నోరు తెరవాలో తోచడం లేదు."

"ఉన్నది ఒక్క నోరేగా. జౌలర్ తరఫున తెరువు. అది లేకుండా ఇంటికొచ్చావంటే గొళ్ళెం వేసుకుంటా."

సభలో ఆడవాళ్ళు మాట్లాడకూడదు. డామరిస్ కుక్కను పట్టుకుని గడప అవతల నిలబడి, నోరు తెరవకుండా లోపలికే చూసింది. లోపలున్నవాళ్ళకు అది మరీ ఇబ్బందిగా ఉంది.

"చట్టానికి శరీరం కాలు, ఆత్మ చేప. ఈ కుక్క శరీరాన్ని గౌరవించి ఆత్మను మింగింది," అన్నాడు స్టబ్స్ గారు.

"అందుకేనా మీ పొలంలో ఆత్మ అంత కంపు కొడుతోంది?" అన్నాడు కమ్మరి గైల్స్ టార్‌బాక్స్.

కుక్క నేరం చేసిందా అని చేతులెత్తమన్నారు. అందరం ఎత్తాం. చట్టం మీరిందా అన్నారు. ఎవరూ ఎత్తలేదు. ఈ రెంటినీ కలిపితే ఏమవుతుందో తెలియక సభాధ్యక్షుడు నీళ్ళు తాగాడు. ముందుకాళ్ళు రెండూ కట్టేద్దామని ఎవరో అన్నారు. తోడేలు వస్తే అది కూర్చుని ప్రార్థన చేసుకోవాలా అని ఇంకెవరో అన్నారు. చివరికి అధికారి అభిప్రాయం అడిగారు.

బార్నబస్ లేచాడు. టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"అయ్యా, నాకేం అర్థం కాలేదు. తప్పు చట్టానిదైతే దానికి తాడు వెయ్యడానికి మెడ లేదు. ముడిదైతే ముడి వేసింది నేను. కాలియ్యమంటే ఆ కుక్క కాలిచ్చింది. నా ఉద్యోగంలో నా మాట విన్నది అదొక్కటే. దాన్ని నేను ఉరి తియ్యను. తియ్యాలనుకుంటే వేరే అధికారిని వేసుకోండి."

"వేసుకుంటాం!" అని స్టబ్స్ గారు సభంతా కలయజూశాడు. ఒకరు దూలాల వైపు, ఒకరు బూట్ల వైపు చూసుకున్నారు. గైల్స్‌కు హఠాత్తుగా దగ్గొచ్చింది. వసంతమంతా ఇల్లిల్లూ తిరిగి కరిపించుకుంటూ కుక్కలకు ముళ్ళు వేసే గౌరవం ఎవరికీ అక్కర్లేకపోయింది. ఉరి తీసేవాడు లేక ఉరి రద్దయింది.

అయితే చట్టాన్ని ఊరికే వదిలితే సభ పరువేం కావాలి? అందుకని సవరించాం. ఇకమీదట కుక్క కాలు మెడకు కట్టనక్కర్లేదు. కుక్కనే యజమాని మణికట్టుకు కట్టాలి.

ఆ వేసవంతా మగవాళ్ళం కుడిచేత పార, ఎడమచేతికి కుక్కతో కలుపు తీశాం. స్టబ్స్ గారికి రెండు కుక్కలు. రెండు చేతులూ చెరోవైపు లాగుతుంటే గట్టుమీద నిలబడి కొడుకులకు పని చెప్పేవాడు. బార్నబస్ తనిఖీకి జౌలర్ వెనక పరిగెత్తేవాడు. ఇప్పుడు తను చూడాల్సింది కుక్కకు మనిషిని కట్టారా అనా, మనిషికి కుక్కను కట్టారా అనా అని సభను అడిగాడు. ఆలోచించి చెబుతామన్నాం.

సాయంత్రం ఇద్దరూ గుమ్మంలోకి రాగానే డామరిస్ ఎదురొచ్చి జౌలర్ మెడలో తాడు విప్పి, "అలిసిపోయావురా నాన్నా," అనేది. రెండో కొస బార్నబస్ తనే విప్పుకునేవాడు.