సవతి నాకివ్వని మంచం

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ చచ్చిపోయిన సవతి మీద కుళ్ళు మాత్రం నాకు నిండా ఉండేది.

రజాకార్ల గడబిడ అణిగిన మరుసటి ఎండాకాలం నన్ను సూర్యాపేటలో ఒక బడిపంతులుకు రెండో పెళ్ళాంగా ఇచ్చారు. మొదటామె రోగంతో పోయింది. ఆచారం ప్రకారం ఆమె పేరిట చిన్న బంగారు బిళ్ళ నా పుస్తెల పక్కన కట్టారు. కొత్త చీర కొన్నా ముందు ఆ బిళ్ళకు చూపించాలి, తర్వాతే నేను కట్టుకోవాలి. మొగుడూ, ఇల్లూ, అన్నీ ఆమె ఎంగిలే అనిపించేది.

కొన్నాళ్ళకే నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఒక కన్ను మసకబారి, మళ్ళీ తేటపడింది. మా అత్త చూసి నెత్తి కొట్టుకుంది.

"దానికి గిట్లనే మొదలైంది. ఇగ చేతులు పడిపోతయి. ఆ తర్వాత మంచమే."

చివరికి రోగం కూడా ఆమెదేనా! ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. రేపు నన్నూ ఒక బిళ్ళ చేసి మూడోదాని మెడలో వేస్తారు కదా అని ఒకటే దిగులు.

మా ఆయన కోదాడ తీసుకుపోయి ఒక డాక్టరుకు చూపించాడు. "ఇది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరమ్మా. తగ్గొచ్చు, మళ్ళీ రావొచ్చు," అన్నాడాయన. ఆయన ఇచ్చిన మందు కూడా మా అత్త మొదటి చుక్క బిళ్ళ మీద వేసి, మిగిలింది నాకు తాగించింది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం. అత్త మిర్యాలగూడలో చుట్టాల పెళ్ళికి పోయింది. మా ఆయన బయట గొళ్ళెం పెట్టి బడికి పోయాడు. కాళ్ళు రెండూ కదలక మంచం మీద ఉన్నాను. లోపలి అర్రలోంచి ఒకామె ఎడమ చెయ్యి గోడకు ఆనించి, కుడికాలు ఈడుస్తూ వచ్చింది. నా కాళ్ళ దగ్గర నిలబడింది.

"నా మొగణ్ణి తీసుకున్నవ్, నా ఇల్లు తీసుకున్నవ్. గీ మంచం నాది. గిదన్న నాకుంచు. లే!"

భయం కాదు, రోషం పొడుచుకొచ్చింది. "నీ మంచం నువ్వే ఏలుకో, నాకెందుకు!" అని దిగాను. తేరుకునేసరికి నేల మీద నిలబడి ఉన్నాను. ఆమె లేదు. గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది.

అత్త వచ్చాక చెప్పాను. ఏ చెయ్యి ఆనించిందని అడిగింది. ఎడమ అన్నాను. అత్త ఆ గోడ వైపు చూసింది.

"గోడ మీద దాని ఎడమచేతి మరకలుంటుండె. నీ పెండ్లికి ముందే సున్నం కొట్టించిన బిడ్డా," అంది.

ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. సవతి ఊసెత్తితే నేను వింటేగా!

ఏళ్ళ తర్వాత హైదరాబాదులో ఒక డాక్టరు దీన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు. కొందరిని మంచాన పడేస్తుందట, కొందరిని అంతగా బాధించదట. ఎవరిని ఏం చేస్తుందో ముందు చెప్పడం కష్టమట. నాకు తిమ్మిరి వస్తూ పోతూ ఉంది. చేతులు పడిపోలేదు. ఇప్పటికీ నా కాళ్ళ మీదే నడుస్తున్నాను.

సవతి నన్ను జాలిపడి వదిలేసిందో, కుళ్ళుకొని వదిలేసిందో, అసలు వచ్చిందో రాలేదో నాకు తెలియదు. ఈ నడక కూడా ఆమె పెట్టిన భిక్షేనేమో అనుకుంటే మాత్రం ఇన్నేళ్ళకూ నాకు ఒళ్ళు మండుతుంది.