హాలరన్ ఓడేదాకా

బఫలోలో పుట్టి, బఫలోలోనే పెళ్ళి చేసుకుని, పదహారేళ్ళుగా కోడి రెక్క నోట పెట్టని మనిషి మాకు తెలిసి ఒక్కతే. ఆవిడ పేరు జెనివీవ్ పావ్లక్. మా దగ్గర జ్ఞానస్నానమైనా, పెళ్ళయినా, చావు భోజనమైనా ఎర్రటి కారం సాసులో ముంచిన కోడి రెక్కల పళ్ళెం లేనిదే బల్ల వెయ్యరు. డాక్టరు వద్దన్నవాళ్ళు డాక్టరుకి తెలియకుండా తింటారు. అలాంటి ఊళ్ళో ఈవిడ పళ్ళెం రాగానే మొహం తిప్పేసుకుని, పక్కన పెట్టిన సెలరీ కాడలు కొరుక్కుంటూ కూర్చునేది. కొత్తవాళ్ళెవరైనా ఒంట్లో బాగాలేదా అని అడిగితే, "ఒళ్ళు బానే ఉంది, హాలరన్ బాగా లేడు" అనేది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు బళ్ళో పిల్లలకి వండి పెట్టిన చెయ్యి ఆవిడది. భర్త క్లెమ్ సిటీ బస్సు నడిపేవాడు. ఒక్కత్తే కూతురు టెరీ. మొగుడూ పెళ్ళాలకి సంసారం ఎంతో, మా ఫుట్‌బాల్ జట్టూ అంతే. మా ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నేది తక్కువ, చేత్తో విసిరేదే ఎక్కువ. ఆ విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. వాడు మంచివాడు దొరికితే జట్టు నిలబడుతుంది, దొరక్కపోతే సోమవారం పొద్దున్న ఊరు ఊరంతా మొహాలు వేలాడేసుకుని పనికి పోతుంది. మాకు దొరకలేదు. బోస్టన్ వాళ్ళకి గ్రాంట్ హాలరన్ దొరికాడు. టూత్‌పేస్టు ప్రకటనలో కుర్రాడిలా ఉంటాడు, జుట్టు చెదరదు, చెమట పట్టినా అందంగానే ఉంటాడు. ఆ అందం చూస్తేనే జెనివీవ్‌కి ఒళ్ళు మండిపోయేది.

ఒట్టు సంగతి పదహారేళ్ళ కిందటిది. డిసెంబరు, మోకాలి లోతు మంచు. చివరి పదకొండు సెకన్ల దాకా మేమే గెలుస్తున్నాం. జనం ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుంటున్నారు. అప్పుడు హాలరన్ ఒక బంతి విసిరాడు. అది వెళ్ళి వెళ్ళి వాడి జట్టు మనిషి చేతుల్లోనే పడింది. అంతే, అయిపోయింది. ఆట అయ్యాక స్టేడియం బయట కార్లు పెట్టే చోట అందరం పొయ్యిలు వెలిగించుకున్నాం. క్లెమ్ అప్పుడే రెక్కలు వేయించి బాణలి దించాడు. జెనివీవ్ ఆ బాణలి అందుకుని రెక్కలన్నీ మంచులోకి గిరాటేసింది.

"వాడు ఈ గ్రౌండులో మన చేతిలో ఓడేదాకా నేను రెక్క ముట్టను. నేనే కాదు, క్లెమ్ కూడా ముట్టడు."

క్లెమ్ చేతిలో ఒక రెక్క మిగిలి ఉంది, సగం నోట్లోకి పోయింది కూడా. "నన్నెందుకే మధ్యలోకి లాగుతావు?" అన్నాడు.

"నువ్వు నా మొగుడివి కాదా?"

ఆ ప్రశ్నకి మగాడెవడూ జవాబు చెప్పలేడు. క్లెమ్ రెక్కని మంచులో పడేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. మహా అయితే ఒక్క ఏడాదే కదా అనుకున్నాడట.

ఆ తర్వాత హాలరన్ ఏడాదికోసారి మా ఊరు వచ్చాడు, వచ్చిన ప్రతిసారీ గెలిచి పోయాడు. ఎండలో గెలిచాడు, వానలో గెలిచాడు, చెయ్యి బెణికి కట్టుతో వచ్చి కూడా గెలిచాడు. వీళ్ళిద్దరూ ఒక్క ఆట మానకుండా స్టేడియంలో తమ వరుసలోనే నిలబడి, గొంతులు పోయేలా వాణ్ణి తిట్టి, ఇంటికొచ్చి సూప్ తాగి పడుకునేవాళ్ళు. ఇది చాలదన్నట్టు టెరీ ఊళ్ళో ఇంతమంది కుర్రాళ్ళుండగా బోస్టన్ వైపు నుంచి బ్రెండన్ అనేవాణ్ణి పెళ్ళాడింది. పెళ్ళినాడు వాడు కోటు లోపల హాలరన్ పేరున్న జట్టు చొక్కా వేసుకొచ్చాడు. జెనివీవ్ చర్చి మెట్ల మీదే బొత్తాలు విప్పించి మరీ దాన్ని తీయించింది.

నాలుగేళ్ళ కిందట క్లెమ్‌కి లివరులో కాన్సరని తేలింది. అప్పటికే చెయ్యి దాటిపోయింది. ఆసుపత్రిలో ఒక గురువారం పొద్దున్న, సూప్ చెంచా పక్కకి నెట్టేసి, "జెన్, రెక్కలు తినాలనుంది" అన్నాడు. ఆ ఆదివారమే హాలరన్ వస్తున్నాడు, మా జట్టు కూడా ఆ ఏడాది మంచి ఊపు మీద ఉంది. "ఆదివారం దాకా ఆగు" అంది జెనివీవ్. "ఈసారి వాణ్ణి వదలం. నా చేత్తో వేయించి తెస్తా." క్లెమ్ సరే అన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. ఆదివారం మేం మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. మంగళవారం క్లెమ్ పోయాడు.

అప్పట్నుంచీ జెనివీవ్‌కి ఆ ఒట్టు ఆట కాదు. హాలరన్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఇక్కడ ఓడిపోవాలి. అప్పుడే ఆ గురువారం తను అన్న మాటకి ఒక అర్థం ఉంటుంది. ఓడకపోతే, చావబోయే మనిషి అడిగిన పిడికెడు తిండి ఊరికే కాదన్న పెళ్ళాంగా మిగిలిపోతుంది. ఈ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు గానీ, ఆటల పట్టిక వచ్చినప్పుడల్లా బోస్టన్ వాళ్ళు వచ్చే తేదీ కింద వేలు పెట్టి చూసుకునేది.

ఈ మార్చిలో, ఈస్టరుకి ముందొచ్చే తపస్సు కాలంలో మూడో శుక్రవారం, సాయంత్రం నాలుగున్నరకి సంగతి తెలిసింది. ఆ కాలంలో వచ్చే ఏడు శుక్రవారాలూ మా వాళ్ళు మాంసం ముట్టరు. చర్చి హాల్లో చేపలు వేయిస్తారు, జనం తలుపు దాటి వరుస కడతారు. పిండి కలిపి చేప ముంచేది జెనివీవ్. నూనె దగ్గర నిలబడేది బ్రెండన్. బోస్టన్ జట్టుని ప్రేమించిన పాపానికి వాడికి అదే శిక్ష అని హాల్లో అందరూ ఏడిపిస్తుంటారు. వాడు నవ్వేసి ఊరుకుంటాడు.

పళ్ళేలు అందించే నార్బ్ అనే పెద్దాయన ఫోను చూసుకుంటూ వంటగదిలోకి వచ్చాడు. క్లెమ్‌తో కలిసి బస్సులు నడిపిన మనిషి.

"జెన్, విన్నావా? హాలరన్ ఆట మానేశాడు. ఇక రాడు. శని విరగడైంది."

హాల్లో ఎవరో బల్ల మీద గరిటెతో వాయించారు. చప్పట్లు మొదలయ్యాయి. వరుసలో ఉన్న ముసలమ్మ ఒకావిడ శిలువ గుర్తు వేసుకుంది. ఇరవై ఏళ్ళ పీడ వదిలిందని మనుషులు ఒకళ్ళ వీపులు ఒకళ్ళు తట్టుకుంటున్నారు. జెనివీవ్ చెయ్యి మాత్రం పిండి గిన్నెలోనే ఆగిపోయింది.

"ఎలా మానేస్తాడు?" అంది.

"ఎలా అంటే? వయసైపోయింది, మోకాలు అరిగింది, కావలసినంత సంపాదించాడు. ఇంటికి పోతాడు."

"అక్టోబరులో మన దగ్గరికి రావాలిగా వాడు?"

"రాడనేగా చెప్తున్నా. నువ్వు సంతోషించాలి తల్లీ."

"దేనికి నార్బ్? ఓడించి పంపామా? వాడంతట వాడు, తీరిగ్గా, ఒక్కసారి కూడా ఓడకుండా పోయాడు. మనం తలుపు దాకా సాగనంపి చప్పట్లు కొడుతున్నాం. సిగ్గుండక్కర్లేదూ?"

నార్బ్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. అంతలో నూనె దగ్గర ముక్కు చీదిన చప్పుడైంది. బ్రెండన్ మోచేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"నీకేమొచ్చిందిరా?" అంది జెనివీవ్.

"ఏం లేదమ్మా. పద్దెనిమిదేళ్ళ నుంచి చూస్తున్నాను కదా."

"నువ్వు ఏడుస్తున్నావా? కప్పులన్నీ మీరు పట్టుకుపోయి, అల్మారాల్లో చోటు చాలక ఇబ్బంది పడుతూ, నువ్వు ఏడవడం ఏమిట్రా? ఈ హాల్లో ఏడిచే హక్కు మాకుంది. నువ్వు చేపలు తిప్పు, మాడిపోతున్నాయి."

"వాడు ఏడుస్తున్నది నూనె పొగకిలే," అన్నాడు నార్బ్. "లేకపోతే హాలరన్ జుట్టు ఇక టీవీలో కనపడదని."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఫాదర్ కాజిమీర్ ఖాళీ పళ్ళెంతో రెండో చేప కోసం వచ్చి సంగతి విన్నాడు. ఆయన మంచి మనిషే, కానీ ఎప్పుడు ఏ మాట అనకూడదో ఆయనకి తెలీదు.

"పోనీలే జెన్, నీ ఒట్టు కూడా తీరిపోయింది. అయినా బంతాట మీద పెట్టుకున్న ఒట్టుని దేవుడు పట్టించుకోడమ్మా. నువ్వు ఎప్పుడు తిన్నా తప్పు లేదు. మొదటి రోజునుంచీ తినొచ్చు."

"మొదటి రోజునుంచీనా?"

"మొదటి రోజునుంచీ."

ఆవిడ పిండి చేతులతోనే వెనక గదిలోకి వెళ్ళిపోయింది. అక్కడ బంగాళాదుంపల బస్తాలుంటాయి. వాటి మీద కూలబడింది. ఫాదర్ నవ్వుతూ అన్న మాట ఆవిడకి తీర్పులా తగిలింది. తను తినొచ్చంటే క్లెమ్ కూడా తినొచ్చు. ఆ గురువారం ఎవరికీ ఏ అడ్డూ లేదు. అడ్డుపడింది తన నోరు ఒక్కటే.

నూనె దగ్గర నార్బ్‌ని నిలబెట్టి బ్రెండన్ వెనకాలే వచ్చాడు.

"అమ్మా, ఫాదర్ మాట పట్టించుకోకండి."

"నన్ను అడిగాడ్రా" అంది జెనివీవ్, వాడి వైపు చూడకుండా. "నోరు తెరిచి అడిగాడు. ఆదివారం దాకా ఆగమన్నాను. వాడు, ఆ అందగాడు, ఒక్క ఆట ఓడిపోతే వాడి సొమ్మేం పోయేది? వాడికి అన్నీ ఉన్నాయి. నాకు అదొక్కటే కావాలి. ఇప్పుడు అదీ లేదు."

బ్రెండన్ తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత ఇంకో బస్తా మీద కూర్చున్నాడు.

"మీకో సంగతి చెప్పాలి. చెప్పనని మాటిచ్చాను. కానీ ఆ మాట హాలరన్ ఆడినంత కాలమే."

"ఎవరికిచ్చావు?"

"క్లెమ్‌కి. ఆ శనివారం మధ్యాహ్నం మీరు స్నానానికి ఇంటికి వెళ్ళారు. రెక్కలు తెమ్మన్నాడు. తెచ్చాను."

జెనివీవ్ తలెత్తి చూసింది. తనని ఓదార్చడానికి అల్లుతున్నాడేమోనని వాడి మొహంలో జాలి కోసం ఎంత వెతికినా కనిపించలేదు. తప్పు చేసి దొరికిపోయినవాడి బెరుకే ఉంది.

"అబద్ధం. ఆయనకి సూప్ కూడా దిగేది కాదు."

"పది తెచ్చాను. తిన్నది రెండున్నర. మిగిలినవి ఒళ్ళో పెట్టుకుని వాసన చూస్తూ కూర్చున్నాడు. ముందు నేను తెలియక, ముంచుకోడానికి రాంచ్ సాస్ తెచ్చాను. చచ్చేవాడి ముందుకి ఈ మజ్జిగ నీళ్ళు తెస్తావా, ఇందుకేరా బోస్టన్ వాళ్ళకి పిల్లనివ్వకూడదనేది, రెక్కలకి బ్లూ చీజ్ సాసే ఉండాలి, పోయి పట్రా అని కిందికి తోలాడు. మళ్ళీ వెళ్ళి తెచ్చాను. నర్సు ఆయన వేళ్ళు తుడవబోతే తుడవనివ్వలేదు."

అది క్లెమే. అలా తిట్టేది ఈ భూమ్మీద క్లెమ్ ఒక్కడే. జెనివీవ్‌కి లోపల నాలుగేళ్ళుగా బిగుసుకుపోయి ఉన్నదేదో వదులైంది. మనిషి తిని పోయాడు. ఆకలితో పోలేదు. ఆవిడకి ఏడుపొచ్చింది, ఏడ్చింది. పిండి చేతులతో మొహం తుడుచుకుంది. బ్రెండన్ ఆవిడ భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు.

అంతలోకే ఆవిడకి ఇంకోటి తట్టింది.

"ఏ రోజన్నావు?"

"శనివారం."

"శనివారం తిన్నాడు. ఆదివారం మనం ఓడిపోయాం."

"అమ్మా..."

"మూడు పాయింట్లు, బ్రెండన్. మూడే మూడు పాయింట్లు. ఒట్టు తప్పి ఆయన తిన్నాడు, పెట్టినవాడివి నువ్వు. ఇంకేం గెలుస్తాం? అనుకుంటూనే ఉన్నా, అంత మంచి జట్టు అలా ఎలా ఓడిందా అని."

"ఆయన ఇదే అన్నాడు," అన్నాడు బ్రెండన్. నవ్వాలో ఏడవాలో వాడికి తెలియడం లేదు. "దానికి తెలిస్తే ఇక ప్రతి ఓటమీ నా సమాధి మీదే వేస్తుంది, హాలరన్ ఆడినంత కాలం చెప్పకు అన్నాడు. దానికి ప్రతి ఏడూ ఈసారి గెలుస్తామనే ఉంటుంది, అది చెడగొట్టకు అన్నాడు."

జెనివీవ్ చేతికంటిన పిండిని గోళ్ళతో గీకేసుకుంది. ఇద్దరి మీదా కోపమొచ్చింది, పోయినవాడి మీదా, ఎదురుగా ఉన్నవాడి మీదా. తన మొగుడు తనని ఎంత బాగా ఎరుగునో తలుచుకుంటే ఆ కోపం ఎటూ పోలేక అక్కడే తిరుగుతోంది. హాలరన్ మీద కోపం మాత్రం ఇసుమంత తగ్గలేదు. తగ్గడానికి వాడేమైనా ఓడాడా?

ముందు గదిలోంచి నార్బ్ కేకేశాడు. "చేపలు అయిపోయాయి, జనం అరుస్తున్నారు. జెన్, ఒట్టు తీరింది కదా, ఇది కట్టేసి పద, నీకు నేను రెక్కలు తినిపిస్తా."

"ఇవాళ శుక్రవారంరా, బుద్ధిలేనోడా," అంది జెనివీవ్ లేస్తూ. "పదహారేళ్ళు ఆగి, తపస్సు కాలంలో శుక్రవారం పూట మాంసం తింటానా? ఆ హాలరన్ గాడు మానేయడానికి కూడా శుక్రవారమే దొరికింది."

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"బ్రెండన్, రేపు మధ్యాహ్నం కారు తీసుకుని రా."

"ఎక్కడికమ్మా?"

"క్లెమ్‌కి ఎక్కడ కొన్నావో అక్కడికే."