బండ కింది చేప

2019 ఎండాకాలం. ఎల్లారెడ్డి చుట్టుపక్కల చెరువులు తిరుగుతూ మత్స్యకారులకు చేపల పెంపకం నేర్పే ఫీల్డ్ ఆఫీసర్‌ని నేను. అప్పటికి పదకొండేళ్ల సర్వీసు. చెరువు చూడగానే అందులో ఎన్ని చేపపిల్లలు వదలాలో చెప్పగలనన్న పొగరు కూడా బాగానే ఉండేది.

ఆ ఊరి చెరువు ఎవరు తవ్వించారో ఎవరికీ తెలియనంత పాతది. ఆ ఏడు ఎండలకు నీళ్లు తూము దగ్గరి బండల మడుగు వరకు తగ్గిపోయాయి. మాకు అదే అదను. బొచ్చె, రవ్వ పిల్లలను వదిలేముందు, వాటిని తినేవాటినీ, వాటి మేతకు పోటీ వచ్చేవాటినీ తీసేయాలి. మేము వీటిని వీడ్ ఫిష్ అంటాం, చేనులో కలుపులాంటివని. ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన పిండి చల్లితే ఒక్క పూటలో అన్నీ చచ్చి తేలతాయి. ఊరి మత్స్యకారుల సొసైటీ అధ్యక్షుడు సాయన్న బస్తాలు తెప్పించి పెట్టాడు.

పొద్దున వెళ్లేసరికి ఆ బస్తాల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. సాయన్న తల్లి బాలవ్వ.

“లే అవ్వా, పని ఆగుతున్నది,” అన్నాడు సాయన్న.

“లేవ. గా పిండి చల్లితే బండజెల్ల సస్తది. గది ఈ చెరువుల తప్ప యాడ లేదు.”

బండజెల్ల వేలెడంత చేప. అడుగున బండలను కరుచుకుని బతుకుతుంది, వలకు చిక్కదు. మగవాళ్ల వలల పని అయ్యాక ఆడవాళ్లు మడుగులో దిగి, బండలెత్తి చేతులతో పట్టుకుంటారు. అందులో సొసైటీకి వాటా లేదు. వానలు పడేదాకా ఆ ఇండ్లల్లో కూర అదే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నవ్వాను.

“ఇట్లాంటి జెల్లలు ప్రతి చెరువులో ఉంటాయి అవ్వా.”

“ఏ చెరువుల? తెచ్చి సూపియ్యి బిడ్డా. నేనే చల్లుత పిండి.”

నాకు రోషం వచ్చింది. వారం గడువు అడిగాను. గాంధారి, రామారెడ్డి, నస్రుల్లాబాద్ వైపు చెరువులన్నీ గాలించాను. అక్కడి వాళ్లు పెద్ద జెల్లలు చూపించారు, మార్పు చేపలు చూపించారు. బాలవ్వ పట్టి చూపిస్తే నా ఫోన్‌లో తీసుకున్న బండజెల్ల ఫొటో చూసి “ఇదేం చేప మేడం?” అని ఎదురు నన్నే అడిగారు. ఏడో రోజు ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

సాయన్న ముఖం మాడ్చుకున్నాడు. “పిల్లలను ఇడిసే యాళ్ల అయితున్నది మేడం. గీ చెరువు మీదనే మా ఇండ్లన్ని బతకాలె.” అతను చెప్పిందీ నిజమే.

ఒక శాస్త్రవేత్తను అడిగి తేల్చుకుందామని మడుగులో దిగాను. బండ ఎత్తి, చేపను పట్టి, సీసాలో వేసుకుని గట్టెక్కబోతుంటే బాలవ్వ అరిచింది.

“బండ! తీసిన బండ గట్లనే ఇడిసిపెడ్తరా?”

ఆమే దిగొచ్చి ఆ బండను తిప్పి చూపించింది. అడుగుభాగానికి ఆవగింజల్లా గుడ్లు అంటుకుని ఉన్నాయి. పసిపిల్లను పడుకోబెట్టినట్టు దాన్ని మళ్లీ మెల్లగా అదే చోట దించింది.

“ఎత్తినోళ్లే మళ్ల పెట్టాలె. మా అత్త నాకు చెప్పిన మంచిమాట గదొక్కటే.”

నాకు సిగ్గేసింది. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నేను బండ తిప్పి చూడలేదు.

సాయన్నను ఎలాగో ఒప్పించి బస్తాలు వాపసు పంపాం. నాలుగు రోజులు వలలు లాగి దొరికినంత తీసి, బండల మడుగు జోలికి పోకుండా పిల్లలను వదిలాం. ఆ ఏడు దిగుబడి తగ్గింది. సాయన్న ఆ మాట నా ముఖం మీదే అన్నాడు. మరుసటి ఏడు కాస్త పెద్ద పిల్లలను వదిలితే వేరే చేపల నోట పడేవి తగ్గి, అతని కోపమూ తగ్గింది.

నేను పంపిన చేపను చూసిన శాస్త్రవేత్త నుంచి జవాబు వచ్చింది: కొత్త జాతిలాగే ఉంది, తేల్చాలంటే ఇంకా చాలా చేపలు కావాలి. బాలవ్వకు చెప్పాను.

“ఈడనే ఉన్నదని తెలుసుకునేతందుకు ఈడ లేకుంట చేస్తరా?” అంది.

నేను పంపలేదు. తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు.

మా ఫారంలో ‘తొలగించవలసిన చేపలు’ అని ఒక గడి ఉంటుంది. ఒకప్పుడు జీపులోంచి దిగకుండానే నింపేదాన్ని. ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా ఆ ఊరి ఆడవాళ్లతో మాట్లాడేదాకా దాన్ని ఖాళీగానే ఉంచుతాను.

మొన్న ఎండాకాలం మళ్లీ ఆ మడుగులో దిగాను. బాలవ్వకు మోకాళ్లు పోయాయి, గట్టు మీదే కూర్చుంది. నేను వంగి ఒక బండ ఎత్తి చూసి లేచానో లేదో అక్కడి నుంచే కేకేసింది.

“బండ!”

“పెట్టిన అవ్వా,” అన్నాను.