నాకేంలే అన్న మాట

సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, ప్రభువు పేరట మీ అందరికీ వందనాలు. తాగుడు మానినవాళ్ల సాక్ష్యాలు మీరు ఇక్కడ చాలా విన్నారు, నేను చుక్క ముట్టినదాన్ని కాదు గానీ నన్ను పట్టి పీడించింది "నాకేంలే" అనే మాట!

మిరపకోతకు పోయి వచ్చి, అందరికీ వండిపెట్టి, గిన్నెలో అడుగూ బొడుగూ మిగిలింది గోడవార నిలబడి తినేదాన్ని, మిగలకపోతే టీ తాగి పడుకునేదాన్ని. చేతులు భగ్గుమని మండుతున్నా కాస్త కొబ్బరినూనె రాసుకోను, చెప్పులు కొనుక్కోను, తల దువ్వుకోను, ఎవరైనా అడిగితే నాకేంలే అంటాను, పైగా అదే భక్తి అనుకున్నాను! చివరికి చేలో కళ్లు తిరిగి పడిపోతే, ఒంట్లో రక్తం లేదని డాక్టరమ్మ కసిరి మాత్రలు రాసింది. తెచ్చి అలమరలో పెట్టాను, వేసుకోలేదు.

ఆ వారమే మా పెద్దమ్మాయికి జ్వరం వచ్చి తగ్గింది. పిల్ల నీరసంగా ఉందని ఇంట్లో ఉన్న ఒక్క గుడ్డూ ఉడకబెట్టి ఇచ్చాను. అది తమ్ముడి వైపు చూసి, పళ్లెం నా వైపు తోసి, "నాకేంలే అమ్మా, వాడికి పెట్టు" అంది.

అచ్చం నా గొంతే! నా బిడ్డకు నేను నేర్పింది ఇదా అని పొయ్యి దగ్గరే మోకరించి ఏడ్చాను. "ప్రభువా, నువ్వు చేసిన మనిషిని నేనే లెక్కచేయలేదు, క్షమించు, ఈ రోగం నా బిడ్డకు అంటనివ్వకు, నా నోట్లోంచి ఆ మాట తీసెయ్" అని ప్రార్థించాను.

లేచి, పిల్లకు గుడ్డు తినిపించి, నేను మాత్ర వేసుకున్నాను. మర్నాడు నాకూ కంచం పెట్టుకుని పిల్లలతో కూర్చున్నాను. "ఏమే, కొత్తగా దొరసానివయ్యావా?" అంది మా అత్తమ్మ. "అవును అత్తమ్మా, నువ్వూ రా, కలిసి తిందాం" అన్నాను. ఆవిడా జన్మంతా గిన్నెలో తిన్న మనిషే, మొదట గొణిగింది, ఇప్పుడు తన కంచం తనే తెచ్చుకుంటోంది. చేలో నుంచి రాగానే స్నానం చేస్తున్నాను, చేతులకు నూనె రాస్తున్నాను. ఆ మాట ఇప్పటికీ నాలుక చివరకు వస్తుంది, ప్రార్థించుకుని మింగేస్తున్నాను. ఒంట్లో రక్తం పట్టింది, దేవునికే మహిమ!

ఈ ఉదయం గుడ్ల కూర వడ్డిస్తుంటే మా పెద్దమ్మాయి నా కంచంలోకి చూసి, "అమ్మా, నీ గుడ్డేది?" అని గదమాయించింది. నేను వేసుకునేదాకా అది ముద్ద ముట్టలేదు.

అక్కలారా, మనల్ని ప్రేమించిన దేవుణ్ణి నమ్మండి. ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉంది, అందరికీ వడ్డించి పక్కకు తప్పుకునేవాళ్లెవరో నాకు తెలుసు. చాప మీద నా పక్కన చోటు ఉంచుతాను, వచ్చి కూర్చోండి.