మునెమ్మ కోళ్ల షెడ్డులో నేను పెట్టని సంతకం

1979 వానాకాలం నాటికి నేను పుంగనూరు ప్రాంతంలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా, అంటే పశువైద్యశాఖలో తొలి మెట్టు డాక్టరుగా, చేరి మూడు నెలలైంది. దగ్గరి పల్లెలో మునెమ్మ అనే ఒంటరి రైతు మూడు వందల కోడిపిల్లలు తెచ్చి పెంచుతోంది. పది రోజుల వయసులో అవి చావడం మొదలైంది.

నాకంటే ముందే వెళ్లిన మా పై అధికారి షెడ్డు వాకిట్లోనే నిలబడి, పిల్లలు నోళ్లు తెరిచి ఎగపీల్చడం చూసి, కొక్కెర తెగులని తేల్చారు. ఊళ్లకు ఊళ్లు పాకే ఆ అంటురోగానికి మందు లేదు. అందుకని మందనంతా చంపి కాల్చాలని పత్రం రాయించారు. దానిపై సంతకం చేయాల్సింది స్థానిక డాక్టరుగా నేను.

నేను షెడ్డు దగ్గరికి చేరగానే ఆయన ఆ పత్రం చేతికిచ్చారు. పరీక్షించకుండా చేయనన్నాను.

"ఇదేమన్నా కాలేజీ డిబేటా? పెట్టవయ్యా సంతకం" అన్నారాయన.

డిబేట్లలో నేను నేర్చిన మొదటి నియమమే ఆయనకు చెప్పాను: ప్రతిపాదించినవారే రుజువు చూపాలి. మర్నాటికల్లా సంతకం అందకపోతే చర్య తప్పదని చెప్పి జీపెక్కారు.

మునెమ్మ షెడ్డు తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది. "కాల్సేకి వచ్చినావా అప్పా? సూడు, సగానికి పైన మేత తింటానే ఉండాయి. వాటిని యాల కాల్సల్ల?"

లోపలికి వెళ్లి పిల్లల్ని ఎత్తి చెవికి ఆనించి విన్నాను. కొక్కెర తెగులులో ఊపిరి గురగురమంటుంది, కొన్నిటికి మెడ మెలిపడుతుంది. ఇవి చప్పుడు లేకుండా ఎగపీలుస్తున్నాయి. మెడలు తిన్నగా ఉన్నాయి. చచ్చిన మూడింటిని బల్లపై పెట్టి కోశాను.

"కోడిపిల్లని కోసేకి ఇంత సదువు సదవాల్నా అప్పా?" అంది మునెమ్మ. ఆ స్థితిలోనూ ఆమెకు వెటకారం పోలేదు.

మూడింటి ఊపిరితిత్తుల్లోనూ కొర్రగింజలంత పసుపుపచ్చ గడ్డలున్నాయి. అది ఊపిరితో లోపలికి పోయిన బూజు పని; ఒకదాన్నుంచి ఒకదానికి అంటదు. బూజు ఎక్కడిదో వెతకాలి. పిల్లల కింద పరిచిన వేరుశనగ పొట్టు పైకి పొడిగానే ఉంది. జానెడు లోతు తవ్వితే బూడిదరంగు బూజు పొగలా లేచింది.

"యాడిదమ్మా ఈ పొట్టు?" అన్నాను ఆమె మాటలోనే.

"మా చెనిక్కాయలదే అప్పా. కుప్ప వానకి తడిసింటే, ఒక పొద్దు ఎండబెట్టి పరిసినాను."

ఈ మెట్ట ప్రాంతంలో అందరూ చేసే పనే అది.

బూజు పట్టిన ఊపిరితిత్తులకు అప్పట్లో మా దగ్గర మందు లేదు. ఎగపీల్చేవి దక్కవని ఆమెకు ఉన్నమాట చెప్పి, వాటిని వేరుచేయించాను. పొట్టంతా ఎత్తించి, నేలకు సున్నం కొట్టించి, పొడి ఇసుక పరిపించాను. తాగే నీళ్లలో బూజును అణిచే మైలతుత్తం కొలత ప్రకారం కలిపి మట్టి మూకుళ్లలో పోయించాను. లోహపు పాత్రను అది తినేస్తుంది. నేను పొరబడితే ఊరి కోళ్లన్నీ పోతాయి కనుక, వారం దాకా ఆ షెడ్డులోకి ఎవరూ రాకుండా కట్టడి చేశాను.

సంతకం లేని పత్రాన్నీ, ఫార్మలిన్ సీసాలో ఒక ఊపిరితిత్తినీ మర్నాడు పై అధికారికి పంపాను. ఆజ్ఞాధిక్కారానికి సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. నేను కోతలో చూసినదంతా రాశాను, క్షమాపణ రాయలేదు. వేరుచేసిన పిల్లలు దాదాపు అన్నీ చచ్చాయి. మిగిలిన రెండు వందల పైచిలుకు బతికి గుడ్లకొచ్చాయి.

వాకిట్లో నిలబడి చెప్పిన రోగం పేరు, చెప్పినవారి హోదా ఎంతటిదైనా, ఊహే. ఆ తర్వాత కోసి చూడనిదే మందను చంపమనే ఏ పత్రంపైనా నేను సంతకం చేయలేదు. ఆ మెమో నేను రిటైరయ్యేదాకా నా సర్వీసు రిజిస్టరులోనే ఉంది. తీసేయమని నేనెన్నడూ అడగలేదు.