అంబులెన్సులో అరిగిన రికార్డు

మా ఆయన నిచ్చెన మీంచి పడ్డ రోజున నేను రెండుసార్లు హడలిపోయాను. మొదటిసారి, ఆయన తల కౌంటరు అంచుకు తగిలిన చప్పుడుకి. రెండోసారి, అంబులెన్సు షాపు ముందు ఆగి, వెనక తలుపు తెరుచుకుని, యూనిఫాం వేసుకుని, చేతిలో మందుల పెట్టెతో అరిగిన రికార్డు దిగినప్పుడు.

"వీడా! వీడొచ్చాడేంటి నా ఖర్మ!" అని పైకే అనేశాను.

ఎవరీ అరిగిన రికార్డు అంటారా? మాది వాయిద్యాల షాపు. గిటార్లు, కీబోర్డులు, డ్రమ్ములు, మౌతార్గన్లు అమ్ముతాం. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళకి పగవాడు వేరే అక్కర్లేదు, ఒక్క పాట చాలు. బస్సులో అదే, మంగలి షాపులో అదే, పక్కింటివాళ్ళ ఫోను మోగితే అదే. "కిటికీ పక్క కూర్చున్న చిన్నదానా, కబురైనా చెప్పవా" అని మగగొంతు అడుగుతుంది. "కబురు కోసం కాచుకున్న చిన్నవాడా, కళ్ళెత్తి చూడవా" అని ఆడగొంతు జవాబిస్తుంది. గిటారు చేతికి అందిన ప్రతివాడూ ముందు దాన్నే మొదలెడతాడు. సగం మందికి ఆ రెండు లైన్లు దాటితే రాదు కూడా!

వాళ్ళందరూ ఒక ఎత్తు, మేం అరిగిన రికార్డని పేరు పెట్టిన ఈయన ఒక్కడూ ఒక ఎత్తు. సెలవు దొరికితే చాలు, గళ్ళ చొక్కా వేసుకుని వచ్చేసేవాడు. కొనేది లేదు, బేరమాడేది అసలే లేదు. నేరుగా పెద్ద కీబోర్డు దగ్గరికి పోయి, సౌండు పెంచి, అందరి మొహాలూ ఒకసారి చూసి మరీ మొదలెట్టేవాడు. షాపంతా "అబ్బా!" అనేది. ఆ "అబ్బా" వినగానే ఆయన మొహం వెలిగిపోయేది. నేను గల్లా దగ్గర్నుంచి లేచేదాన్ని.

"ఏవయ్యా, నీకు సిగ్గూ శరం లేవా? ఆపు ముందు!"

"ఇంకొక్కసారి అక్కా."

"నేను నీకు అక్కనేంటయ్యా? నీ జుట్టు నా జుట్టు కంటే తెల్లగా ఉంది!"

దులుపుకుని, నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాడు. కాసేపటికి వీధి చివరి షాపాయన ఫోను చేసేవాడు. "మీ వాడు మా మీద పడ్డాడండీ" అని. మా వాడట! ఏం పని చేస్తాడో, ఎక్కడుంటాడో మేం ఎన్నడూ అడగలేదు. పనీపాటా లేనివాడని నేనే తేల్చేశాను. మా ఆయన మాత్రం పల్లెత్తు మాట అనేవాడు కాదు. పాట మొదలవగానే చెవుల్లో దూది కుక్కుకుని వెనక గదిలోకి పోయేవాడు. ఆయన ఎవరినీ తిట్టగా నేను వినలేదు. ఆ కోటా కూడా నేనే చూసుకునేదాన్ని.

అలాంటి మనిషి అటక మీది డ్రమ్ము దించబోయి, డ్రమ్ముతో సహా నేల మీద పడున్నాడు. చెవి వెనకనుంచి రక్తం కారుతోంది. అరిగిన రికార్డు నా వంక చూడనైనా చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, మా ఆయన మెడ కదలకుండా పట్టీ వేసి, కనురెప్పలెత్తి టార్చి కొట్టి చూశాడు. ఆ చేతులు కీబోర్డు మీద దున్నిపారేసిన చేతులేనా అని నోరెళ్ళబెట్టాను. డ్రైవరూ ఆయనా కలిసి స్ట్రెచర్ ఎక్కించారు. నేనూ వెనకే ఎక్కి కూర్చున్నాను.

బండి కదిలింది. మా ఆయన రెప్పలు వాలిపోతున్నాయి. అప్పుడు మొదలెట్టాడండీ ఆ మహానుభావుడు, కట్టు బిగిస్తూనే.

"కిటికీ పక్క కూర్చున్న చిన్నదానా, కబురైనా చెప్పవా..."

నా ఒళ్ళు భగ్గున మండింది. "నీకు మతి గానీ పోయిందా? మనిషి ప్రాణం మీదికొస్తే పాటలా!"

"ఉండక్కా," అన్నాడు, గొంతులో నవ్వు మచ్చుకైనా లేదు. "బావగారూ, తర్వాతి లైను చెప్పండి. కబురైనా చెప్పవా... ఆ తర్వాత?"

మా ఆయన పెదాలు కదిలాయి. "కబురు కోసం... కాచుకున్న..." అన్నాడు.

"శభాష్! మళ్ళీ అందాం," అన్నాడు ఆయన. మళ్ళీ పాడాడు. ఈసారి మా ఆయన "కబురు" దగ్గరే ఆగిపోయాడు. మూడోసారి ఏమీ అనలేదు. అరిగిన రికార్డు మా ఆయన చెంప తట్టాడు, భుజం గిల్లాడు. తర్వాత ఫోను అందుకుని నా వైపు తిరిగాడు. "ఆస్పత్రికి చెప్పాలి, డాక్టర్ని సిద్ధంగా ఉండమనాలి. నువ్వు పాడక్కా. ఆపొద్దు."

"నేనా?"

"నీ గొంతు ఆయనకి బాగా తెలిసిన గొంతు కదా. పాడు!"

పాడాను. ఆ దిక్కుమాలిన పాటని, మా ఆయన చెవిలో నోరు పెట్టి, గొంతు చించుకుని పాడాను. శ్రుతీ లేదు, లయా లేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. పలకవయ్యా, ఒక్క ముక్క పలుకు అని లోపల ప్రాణం కొట్టుకుపోతోంది. ఆయన పలకలేదు. ఆస్పత్రిలో స్ట్రెచర్ వెంట పరిగెత్తుతూ కూడా పాడాను. తలుపులు మూసుకున్నాక కూడా పాడుతూనే ఉన్నానట. అరిగిన రికార్డు నా భుజం పట్టుకుని "చాలక్కా, లోపలికి తీసుకెళ్ళారు" అంటే గానీ నోరు మూతపడలేదు.

వరండాలో బల్ల మీద కూలబడ్డాం. అరిగిన రికార్డు చొక్కా నిండా మా ఆయన రక్తం.

"ఆ పాటే ఎందుకయ్యా? నీకింకే పాటా రాదా?" అని అడిగాను.

"బోలెడు వచ్చక్కా. దెబ్బ తిన్నవాళ్ళని పేరేంటి, ఇదేం వారం అని అడిగితే బెదిరిపోతారు. ఈ పాటైతే రానివాళ్ళు లేరు. ఒక లైను నేనంటే రెండోది వాళ్ళ నోటికి దానంతటదే వచ్చేస్తుంది. వచ్చిందంటే తెలివిలో ఉన్నట్టే."

"రాకపోతే?"

ఆయన చేతులకున్న రక్తాన్ని దూదితో తుడుచుకుంటూ కూర్చున్నాడు. "కొందరికి రాదక్కా," అన్నాడు. "అందుకే సెలవు రోజు మీ షాపుల మీద పడతాను. అక్కడ మొదలెట్టానో లేదో ఎవరో ఒకరు తిట్టిపోస్తారు. భలే సరదా అక్కా అది. ఒక్కరు కూడా ఊరుకోరు."

పనీపాటా లేనివాడన్నానే, సిగ్గూ శరం లేవన్నానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇద్దరం ఆ తలుపు వంకే చూస్తూ కూర్చున్నాం.

ఎంతసేపటికో నర్సు బయటికి వచ్చింది. మొహంలో ఏమీ తెలియనివ్వడం లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఇందాక పాడింది మీరేనా?" అంది.

తలాడించాను.

"కళ్ళు తెరిచారు. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టరుగారు. తెరిచిన దగ్గర్నుంచీ ఒకటే తిట్లు. ఆ వెధవ పాట ఆపమంటున్నారు."

నా పక్కన దభీమని చప్పుడైంది. చూస్తే అరిగిన రికార్డు బల్ల మీంచి నేల మీదికి జారి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నర్సు బిత్తరపోయి "ఈయన పేషెంటుకి ఏమవుతారు?" అని నన్నడిగింది. "నా తమ్ముడు" అన్నాను, ఆయన పక్కన నేల మీద కూర్చుంటూ.